డాక్టర్ చేతిలో పెన్ను, పేషెంట్ నోట్లో కథ

ఈ ఎపిసోడ్‌లో ఒక పెన్ను గురించి మాట్లాడుకుందాం. మానసిక వైద్యం వార్డులో డాక్టర్ కోటు జేబులో ఉంటుందే, ఆ మామూలు పెన్ను.

జ్వరం వస్తే చూడ్డానికి థర్మామీటర్ ఉంది. షుగర్ ఉందో లేదో రక్తపరీక్ష చెప్పేస్తుంది. ఎముక విరిగిందంటే ఎక్స్‌రే తీస్తారు. మరి ఒక మనిషికి డిప్రెషన్ ఉందనో, స్కిజోఫ్రీనియా ఉందనో దేన్ని చూసి చెప్తారు? ఇవాళ్టికీ దానికి రక్తపరీక్ష లేదు. టెస్టులు, స్కానింగులు రాస్తారు, నిజమే. కానీ అవి ఎక్కువగా వేరే జబ్బేదీ లేదని తేల్చుకోడానికి. అసలు నిర్ణయం అంతా మాటల మీదే నడుస్తుంది. పేషెంట్ ఏం చెప్పాడు, ఎలా చెప్పాడు, ఇంట్లోవాళ్ళు ఏమన్నారు, డాక్టర్ ఏం గమనించాడు. వీటన్నిటినీ కలిపి డాక్టర్ రాసేదాన్ని కేస్ హిస్టరీ అంటారు. సూటిగా చెప్పాలంటే అదొక కథ. మందు ఇచ్చేది ఆ కథని బట్టే, అడ్మిట్ చేసేది ఆ కథని బట్టే. రేపు ఇంకో డాక్టర్ ఫైల్ తెరిస్తే ఆయనకి కనబడేది కూడా ఆ కథే.

అందుకే ప్రపంచంలో చాలా చోట్ల, సైకియాట్రీ నేర్చుకునేవాళ్ళకి మందుల పేర్లతో పాటు కథ రాయడం కూడా నేర్పిస్తున్నారు. పేషెంట్ గురించి మామూలు భాషలో రాయి, పేషెంట్ వైపు నుంచి రాసి చూడు, రాసింది పదిమందిలో చదువు అంటున్నారు. వినడానికి వింతగా ఉంది కదా? ఈ ఆలోచన ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియాలంటే ఓ నూట ఇరవై ఏళ్ళు వెనక్కి వెళ్ళాలి.

1901 నవంబర్. జర్మనీలో ఫ్రాంక్‌ఫర్ట్ ఊరు. ఆగస్టె డేటర్ అనే 51 ఏళ్ళ ఆవిణ్ణి మానసిక చికిత్సాలయంలో చేర్చారు. మతిమరుపు, అనుమానం, గందరగోళం. మర్నాడు ఒక డాక్టర్ ఆవిడ దగ్గర కూర్చుని ప్రశ్నలు అడిగాడు. తన ప్రశ్న, ఆవిడ జవాబు, మళ్ళీ ప్రశ్న, మళ్ళీ జవాబు, అన్నీ ఉన్నదున్నట్టు చేత్తో రాసుకున్నాడు. మీ పేరేంటమ్మా అంటే ఆగస్టె అంది. ఇంటిపేరు? దానికీ ఆగస్టె. మీ ఆయన పేరు? కాసేపు తడుముకుని దానికీ ఆగస్టె అనే అంది. మధ్యాహ్నం భోజనంలో కాలీఫ్లవర్, పంది మాంసం తింటోంది. ఏం తింటున్నారని అడిగితే పాలకూర అంది. ఒక సందర్భంలో, తనని తానే పోగొట్టుకున్నానని అర్థం వచ్చే మాట కూడా అంది.

ఆ డాక్టర్ పేరు అలోయిస్ ఆల్‌జైమర్. అవును, ఆ ఆల్‌జైమరే. 1906లో ఆవిడ చనిపోయాక మెదడుని మైక్రోస్కోప్ కింద పరీక్షించి, ఏం కనబడిందో లోకానికి చెప్పాడు. పుస్తకాల్లో ఆ మెదడు బొమ్మలే మిగిలాయి, ఆవిడ మాటలు మాత్రం ఫైల్లో ఉండిపోయాయి. ఆ ఫైల్ మళ్ళీ 1995లో ఫ్రాంక్‌ఫర్ట్‌లోనే దొరికింది. అది చదివినవాళ్ళకి వందేళ్ళనాటి ఒక మనిషి గొంతు వినబడింది. తన లక్షణాల పట్టీ మాత్రమే రాసి ఉంటే ఇది జరిగేదా? డాక్టర్ ఆవిడ మాటల్ని తన మాటల్లోకి మార్చకుండా వదిలేశాడు కాబట్టి జరిగింది.

ఈ జబ్బుకి ఆల్‌జైమర్ పేరు పెట్టి 1910లో తన పాఠ్యపుస్తకంలోకి ఎక్కించిన పెద్దాయన ఎమిల్ క్రేపెలిన్. ఈరోజు సైకియాట్రీలో జబ్బుల్ని విడగొట్టే పద్ధతికి పునాది వేసినవాళ్ళలో ముఖ్యుడు. ఆయన గొప్పతనం ఆషామాషీ కాదు. వందలాది రోగుల వివరాలు కార్డుల మీద రాసుకుని, ఏళ్ళ తరబడి వాళ్ళ జబ్బు ఎలా నడిచిందో పోల్చి చూశాడు. అంతకుముందు దాకా గందరగోళంగా ఉన్నదానికి ఒక క్రమం తెచ్చాడు. ఇంకో చిన్న విషయం గుర్తుపెట్టుకోండి. 1886లో ఆయన ప్రొఫెసర్‌గా వెళ్ళింది ఇప్పటి ఎస్టోనియాలోని డోర్పాట్ ఊరికి. అక్కడ చాలామంది రోగుల భాష ఆయనకి రాదు. మధ్యలో దుబాసీ ఉండాల్సిందే.

క్రేపెలిన్ క్లాసులో పేషెంట్లని విద్యార్థుల ముందుకి తీసుకొచ్చి పాఠం చెప్పేవాడు. ఆ పాఠాలు పుస్తకంగా కూడా వచ్చాయి. అందులో 18 ఏళ్ళ కుర్రాడి కేసు ఒకటి ఉంది. హాల్లోకి తీసుకొచ్చారు. కళ్ళు మూసుకునే ఉన్నాడు. చెప్పులు విసిరేశాడు, పాట పాడాడు, నాన్నా అని అరిచాడు. పేరు అడిగితే తిక్క జవాబులు. ఎవర్ని కొలుస్తున్నారు, నేనెందుకు చెప్పాలి అనే ధోరణిలో ఏదేదో మాట్లాడాడు. చివరికి క్రేపెలిన్ తేల్చిందేంటంటే, వీడికి ప్రశ్నలన్నీ అర్థమయ్యాయి, కానీ పనికొచ్చే సమాచారం ఒక్కటీ ఇవ్వలేదు అని.

ఇక 1960కి వద్దాం. స్కాట్లండ్ సైకియాట్రిస్ట్ ఆర్.డి. లైంగ్ 'ద డివైడెడ్ సెల్ఫ్' అనే పుస్తకంలో ఇదే కేసు మళ్ళీ తెరిచాడు. కొత్తగా ఒక్క ఆధారం కూడా చేర్చలేదు. క్రేపెలిన్ రాసుకున్న మాటలే. కానీ వాటిని కుర్రాడి వైపు నిలబడి చదివాడు. నిండు క్లాసు ముందు మిమ్మల్ని నిలబెట్టి, మీ గురించి మీ ఎదురుగానే పాఠం చెప్తుంటే మీరేం చేస్తారు? కొంతమంది తలొంచుకుంటారు. కొంతమంది ఆ మేష్టారినే వెక్కిరిస్తారు. ఆ కుర్రాడు చేస్తున్నది అదే అన్నాడు లైంగ్. ఒక గొంతుతో ప్రొఫెసర్‌ని అనుకరిస్తున్నాడు, ఇంకో గొంతుతో ఆయన మీద తిరగబడుతున్నాడు. అలా చదివితే ఆ తిక్క జవాబులు ఒక్కసారిగా సంభాషణ అయిపోతాయి.

లైంగ్ తర్వాత్తర్వాత చెప్పినవన్నీ నిలబడలేదు. జబ్బుకి కుటుంబాన్ని తప్పుపట్టే ధోరణి ఆ కాలంలో ఎంతోమంది తల్లిదండ్రుల్ని అనవసరంగా బాధపెట్టింది. ఆ కుర్రాడికి జబ్బు లేదని కూడా నేను అనడం లేదు. జబ్బు ఉండొచ్చు, అదే సమయంలో వాడికి అవమానంగానూ ఉండొచ్చు. రెండూ ఒకే మనిషిలో ఉంటాయి. క్రేపెలిన్ కథలో మొదటిదానికే చోటుంది.

ఈ ఇద్దరికీ మధ్యలో ఇంకొకాయన ఉన్నాడు. కార్ల్ యాస్పర్స్. తర్వాత పెద్ద తత్వవేత్తగా పేరు తెచ్చుకున్నాడు కానీ, మొదట హైడెల్‌బర్గ్‌లో సైకియాట్రీ డాక్టర్. చిన్నప్పట్నుంచీ ఊపిరితిత్తుల జబ్బు మనిషి. పేషెంట్‌గా ఉండటం అంటే ఏంటో ఒంటి మీద తెలిసినవాడు. 1913లో, ముప్పై ఏళ్ళ వయసులో, సైకియాట్రీ గురించి ఒక లావాటి పుస్తకం రాశాడు. అందులో ఆయన చూపించిన తేడా ఇప్పటికీ పీజీ విద్యార్థులకి పాఠమే. కారణం చెప్పడం ఒకటి, అర్థం చేసుకోవడం ఇంకొకటి. మెదడుకి దెబ్బ తగిలి మనిషి మారిపోయాడంటే అది కారణం. కొడుకు పోయాక ఒక తల్లి వంటింట్లోకి వెళ్ళడం మానేసిందంటే దానికి మెదడు బొమ్మ గీస్తే సరిపోదు, ఆవిడ స్థానంలో మనం కాసేపు కూర్చోవాలి. అందుకే పేషెంట్ తన అనుభవాన్ని తన మాటల్లో చెప్పింది చెప్పినట్టు రాసుకోవాలని యాస్పర్స్ పట్టుబట్టాడు. అలా అని అన్నీ అర్థమైపోతాయని కూడా ఆయన అనలేదు. కొన్ని అనుభవాల ముందు మన ఊహ ఆగిపోతుంది, ఆ హద్దు ఒప్పుకోవాలన్నాడు.

ఎంపతీ అనే ఇంగ్లిష్ మాట పుట్టింది కూడా సరిగ్గా ఆ రోజుల్లోనే. 1909లో టిచ్‌నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒక జర్మన్ మాటకి బదులుగా దాన్ని తయారుచేశాడు. మనం సహానుభూతి అంటున్నాం. జాలి వేరు, ఇది వేరు. జాలి పడటానికి అవతలి మనిషి గురించి ఏమీ తెలియక్కర్లేదు, అయ్యో పాపం అంటే చాలు. సహానుభూతికి వివరాలు కావాలి. ఆ వివరాలు రాబట్టడానికి పని చెయ్యాలి. రాయడం ఆ పనిలో ఒక భాగం.

ఇంతవరకూ పెన్ను డాక్టర్ చేతిలోనే ఉంది. మరి పేషెంట్ చేతికి వస్తే? 1908లో అమెరికాలో క్లిఫర్డ్ బీర్స్ అనే యువకుడు, మూడేళ్ళ పాటు మానసిక ఆసుపత్రుల్లో తాను పడిందంతా పుస్తకంగా రాశాడు. ప్రసిద్ధ మనస్తత్వవేత్త విలియం జేమ్స్ దానికి అండగా నిలిచాడు. అక్కడి ఆసుపత్రుల్లో మార్పు కోసం జరిగిన ఉద్యమానికి ఆ పుస్తకమే ఊపిరి అయింది.

కానీ ప్రతిసారీ అలా జరగదు. 1973లో 'సైన్స్' పత్రికలో డేవిడ్ రోజెన్‌హాన్ ఒక వ్యాసం వేశాడు. ఎనిమిదిమంది మామూలు మనుషులు, ఏవో గొంతులు వినబడుతున్నాయని అబద్ధం చెప్పి ఆసుపత్రుల్లో చేరారని, లోపలికి వెళ్ళాక మామూలుగానే ఉన్నా ఎవరూ గుర్తుపట్టలేదని అందులో రాశాడు. వాళ్ళు వార్డులో కూర్చుని నోట్సు రాసుకునేవాళ్ళట. ఆ రాతని కూడా ఫైల్లో ఒక లక్షణంలా నమోదు చేశారట. అదే వార్డులో ఉన్న తోటి పేషెంట్లు మాత్రం నువ్వు జర్నలిస్టువా, ప్రొఫెసర్‌వా అని అడిగారట. ఇన్నిసార్లు 'అట' అనడానికి కారణం ఉంది. 2019లో సుసానా కహలాన్ అనే జర్నలిస్ట్ ఈ కథ మొత్తం తవ్వి, రోజెన్‌హాన్ చెప్పినదాంట్లో చాలా తేడాలున్నాయని పుస్తకం రాసింది. కాబట్టి దీన్ని రుజువుగా పట్టుకోవద్దు. కానీ యాభై ఏళ్ళ పాటు సైకియాట్రిస్టులే దీన్ని తలుచుకుని ఉలిక్కిపడ్డారంటే, ఎక్కడో తగిలింది కాబట్టే. డాక్టర్ రాస్తే అది రికార్డు, పేషెంట్ రాస్తే అది లక్షణం. ఇంత తేడా ఎలా వచ్చింది?

ఇక్కడ నుంచి ట్రైనింగ్ సంగతికి వద్దాం. 1950ల్లో లండన్‌లోని టావిస్టాక్ క్లినిక్‌లో మైకేల్ బాలింట్ అనే హంగేరియన్ మానసిక వైద్యుడు డాక్టర్లని గుండ్రంగా కూర్చోబెట్టాడు. ఫైళ్ళు పక్కన పెట్టి, నిన్ను ఇబ్బంది పెట్టిన ఒక పేషెంట్ గురించి గుర్తున్నది గుర్తున్నట్టు చెప్పమన్నాడు. ఫైల్ లేకపోతే ఏమవుతుందంటే, డాక్టర్ ఏం మర్చిపోయాడో, ఎవరి మీద విసుక్కున్నాడో బయటికొచ్చేస్తుంది. బ్రిటన్‌లో సైకియాట్రీ నేర్చుకునే జూనియర్ డాక్టర్లకి ఇలాంటి గ్రూపుల్లో కూర్చోవడం ఇప్పుడు ట్రైనింగ్‌లో భాగం.

చెప్పడం నుంచి రాయడం దాకా తీసుకెళ్ళినవాళ్ళలో బాగా పేరున్నది న్యూయార్క్‌లోని కొలంబియా యూనివర్సిటీ డాక్టర్ రీటా షరాన్. ఆవిడ సైకియాట్రిస్ట్ కాదు, జనరల్ మెడిసిన్ డాక్టర్. పేషెంట్లు చెప్పే కథలు సరిగ్గా వినాలంటే కథలు ఎలా నడుస్తాయో తెలియాలనుకుని, డాక్టర్‌గా పనిచేస్తూనే ఇంగ్లిష్ సాహిత్యంలో పీహెచ్‌డీ చేసింది. హెన్రీ జేమ్స్ నవలల మీద. ఇందాక చెప్పుకున్న విలియం జేమ్స్‌కి స్వయానా తమ్ముడు ఈ హెన్రీ.

1993లో ఆవిడ మొదలుపెట్టిన పద్ధతి పేరు ప్యారలల్ చార్ట్. అంటే పక్క ఫైల్ అనుకోండి. ఆసుపత్రి ఫైల్లో బీపీ రాయాలి, మందు రాయాలి. ఈ పేషెంట్‌ని చూస్తే మా తాతయ్య గుర్తొచ్చి ఏడుపొస్తోంది అని అందులో రాయలేరు. కానీ ఎక్కడో ఒకచోట రాయాలి కదా. వార్డుల్లోకి కొత్తగా అడుగుపెట్టిన మెడికల్ విద్యార్థుల్ని వారానికో పేజీ, మామూలు భాషలో, ఒక పేషెంట్ గురించి రాయమంది. రాసింది గ్రూపులో పైకి చదవాలి. ఏ వయసులో మొదలుపెట్టిందో చూడండి. 2009లో ఫిలడెల్ఫియాలో వచ్చిన ఒక ప్రసిద్ధ అధ్యయనం, మెడికల్ విద్యార్థుల్లో ఎంపతీ స్కోర్లు బాగా పడిపోయేది మూడో ఏడాదిలోనే అని చూపించింది. పేషెంట్లతో నిజంగా పని మొదలయ్యేది ఆ ఏడాదే. మనిషి దగ్గరికి వెళ్ళేకొద్దీ మనిషి కనబడకుండా పోతున్నాడన్నమాట.

షరాన్ తన పుస్తకంలో చెప్పిన ఒక ఉదాహరణ నాకు చాలా ఇష్టం. తలనొప్పితో వచ్చే ఒక యువతి, ఆవిడ బాగా తొందరలో ఉన్నప్పుడు వచ్చి, డిసెబిలిటీ ఫారం మీద సంతకం పెట్టమంది. విసుక్కుంటూనే పెట్టేసింది. కానీ మనసులో ముల్లులా ఉండిపోయింది. ఆ అమ్మాయి గురించి ఒక కథ ఊహించి రాసింది, మోడల్ అవ్వాలనే కల ఏదో ఉందని. తర్వాతిసారి ఆ అమ్మాయి వచ్చినప్పుడు తీరిగ్గా అడిగింది. అసలు సంగతి వేరు. ఇంట్లో మగవాళ్ళ చేతుల్లో లైంగిక హింస పడింది ఆ అమ్మాయి. చెల్లెళ్ళకి ఆ గతి పట్టకుండా, వాళ్ళని వేరే ఇంటికి తీసుకుపోవాలని చూస్తోంది. ఆ ఫారం అందుకు.

అంటే డాక్టర్ రాసిన కథ పూర్తిగా తప్పు. అయినా పని చేసింది! ఎందుకంటే ఆ కథ రాయడం వల్లే, నాకు ఈ అమ్మాయి గురించి ఏమీ తెలియదన్న సంగతి ఆవిడకి తెలిసొచ్చింది. అందుకే మళ్ళీ అడిగింది. ఈ మొత్తం చరిత్రలో నాకు దొరికిన అసలు పాయింట్ ఇదే. కథ రాస్తే అవతలి మనిషి మనసు తెలిసిపోదు. మనం ఇంకా ఏం అడగలేదో తెలుస్తుంది.

మన దగ్గరికి వద్దాం. ఒక ఉదాహరణ అనుకుందాం, ఇది నేను కల్పించిందే. ఓపీకి 35 ఏళ్ళ ఆవిడ వచ్చింది. డాక్టర్ ఫైల్లో ఇలా ఉంది: మూడు నెలలుగా నిద్ర లేదు, ఆకలి లేదు, ఒళ్ళంతా మంటలంటోంది. మందులు సరిగ్గా వాడటం లేదు. సహకారం తక్కువ. అదే డాక్టర్‌ని సాయంత్రం పక్క ఫైల్లో రాయమన్నారు. అప్పుడు రాసింది: ఏ ప్రశ్న అడిగినా ఆవిడ ముందు అత్తగారి వైపు చూసింది. మాత్ర వేసుకుంటే పొద్దున లేవలేకపోతున్నానండీ అంది. తెల్లవారుజామున అయిదింటికి మున్సిపాలిటీ నీళ్ళొస్తాయట. అప్పుడు లేవకపోతే ఇంటిల్లిపాదికీ ఆ రోజు నీళ్ళుండవట. ఇది విన్నాను, కానీ ఫైల్లో రాయలేదు.

చూశారా? సహకారం తక్కువ అన్న రెండు మాటల వెనక నీళ్ళ కుళాయి ఉంది. మాత్ర వేసే టైమ్ మార్చడమో, మత్తు తక్కువుండే మందు చూడటమో డాక్టర్ చెయ్యగలిగిన పనే. కానీ కథలో కుళాయి రాకపోతే ఆ పని తట్టదు.

మన దగ్గర ఇంకో చిక్కు కూడా ఉంది. పేషెంట్ చెప్పేది తెలుగులో, ఫైల్ రాసేది ఇంగ్లిష్‌లో. మనసు బాగోలేదు, గుండె దడ, గాలి సోకింది, నరాల వీక్‌నెస్. ఒక్కో మాట వెనక ఒక్కో బతుకుంది. ఇంగ్లిష్‌లోకి మారేసరికి చాలాసార్లు అన్నీ రెండు మూడు ముద్రల్లో ఇరుక్కుంటాయి. డోర్పాట్‌లో క్రేపెలిన్‌కి దుబాసీ కావాల్సొచ్చింది. ఇక్కడ డాక్టరూ తెలుగే, పేషెంటూ తెలుగే, అయినా మధ్యలో అనువాదం జరిగిపోతోంది.

కొంత కదలిక ఉంది. 2019లో మొదలైన కొత్త ఎంబీబీఎస్ సిలబస్‌లో వైఖరి, నైతికత, మాటతీరు నేర్పే ఏట్‌కామ్ అనే భాగం వచ్చింది. విద్యార్థులు తమ అనుభవాల మీద రాయడం కూడా అందులో ఉంది. ఇక 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఇంకో పెద్ద పని చేసింది. పేషెంట్‌కి తన ప్రాథమిక వైద్య రికార్డులు చూసే హక్కు ఇచ్చింది. తీవ్రమైన హాని జరిగే సందర్భాల్లో కొంత సమాచారం ఆపొచ్చు, అది వేరే. కానీ నా కథ ఎలా రాశారో నేను చదవొచ్చు అన్నది చిన్న మాట కాదు.

ఇంతా చెప్పి, ఇది మంత్రదండం అంటే అబద్ధమే. ఇలాంటి ట్రైనింగ్ మీద వచ్చిన అధ్యయనాలు చాలావరకు చిన్నవి. ఎంపతీ పెరిగిందా అని విద్యార్థులనే ప్రశ్నాపత్రం ఇచ్చి అడుగుతారు. నువ్వు మంచివాడివా అని నిన్నే అడిగినట్టు. పైగా ఇంకో ప్రమాదం ఉంది. పేషెంట్ గొంతుతో డాక్టర్ అందంగా రాసేసి, ఆహా నాకు ఈవిడ బాధంతా తెలుసు అనుకుంటే, అది ఆ మనిషి కథని ఇంకోసారి లాక్కోవడమే. అనుమతి లేకుండా బయట పెడితే అది నమ్మకద్రోహం కూడా. ఇక టైమ్ సంగతి. మన దేశంలో లక్షమందికి ఒక్క సైకియాట్రిస్ట్ కూడా లేరు. బయట క్యూ ఉంటే లోపల కథ ఎంతసేపు వింటారు? డాక్టర్ల సంఖ్య పెంచకుండా వాళ్ళని మంచిగా రాయమనడం న్యాయం కాదు.

అయినా ఆ కుళాయి ముక్క రాయడానికి ఎంతసేపు పడుతుంది? ఒక్క వాక్యం.

ఇది డాక్టర్లకే పాఠం అనుకోకండి. ఎవరైనా కాస్త తేడాగా ప్రవర్తిస్తే మనం ఏమంటాం? ఎర్రగడ్డ కేసు రా వీడు. వైజాగ్ వైపైతే చినవాల్తేరు. ఒక ఆసుపత్రి పేరునే తిట్టుగా మార్చి, ఒక మనిషి కథ మొత్తాన్ని ఒక్క ముక్కలో రాసిపారేస్తున్నాం. క్రేపెలిన్ కనీసం ఆ కుర్రాడి మాటలు రాసిపెట్టాడు. అందుకే అరవై ఏళ్ళకైనా ఇంకొకరు వాటిని మళ్ళీ చదవగలిగారు. మనం ఆ మాటలు కూడా మిగల్చడం లేదు.

మీరో, మీ ఇంట్లోవాళ్ళో డాక్టర్ దగ్గరికి వెళ్ళాల్సొస్తే ఒక పని చెయ్యండి. ముందురోజు ఫోన్ నోట్స్‌లో మీ మాటల్లోనే అయిదారు లైన్లు రాసుకోండి. గూగుల్‌లో చూసిన జబ్బు పేరు వద్దు. ఎప్పట్నుంచి, ఏ పని చెయ్యలేకపోతున్నారు, మందు వేసుకుంటే ఏమవుతోంది, ఎవరి ముందు చెప్పలేకపోతున్నారు. అది డాక్టర్‌కి చూపించండి. ఎవరితోనైనా ఇప్పుడే మాట్లాడాలనిపిస్తే టెలి మానస్ నంబర్ 14416 ఉంది, ప్రభుత్వానిది, డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

మెడిసిన్, నర్సింగ్, సైకాలజీ చదువుతున్నవాళ్ళు ఈ ఎపిసోడ్ చూస్తుంటే, మీ కాలేజీలో ఇలాంటి రాత పని చేయిస్తున్నారేమో కామెంట్లో చెప్పండి. పేషెంట్ల వివరాలు మాత్రం రాయకండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.